దీనమ్మ టీచర్ ఎవర్నీ కొట్టలేదు

నిన్న పొద్దున బందరు బస్టాండులో ఉన్నాను. ఆఫీసుకి వెళ్ళే హడావిడి. ఫోన్ తీస్తే మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒక మెసేజ్.

దీనమ్మ టీచర్ ఇక లేరు.

గుండెపోటట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

నమ్మలేదు. మొన్న ఆదివారమే ఫోన్ చేసి, బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని నాకు క్లాసు పీకారు. ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దీనమ్మ టీచర్ అవనిగడ్డలో మాకు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక సొంతూరు నాగాయలంకలో ఉంటున్నారు.

ఏడుపు సంగతి తర్వాత. ముందు నాకు కోపంగా ఉంది.

సాయంత్రానికి గ్రూపు నిండా ఒకటే పాట. మీ బెత్తం దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి టీచర్ అని. ఆ దెబ్బలే మాకు దీవెనలు అని. ఒకరు పెట్టింది ఇంకొకరు కాపీ కొట్టడం, కింద దండం బొమ్మలు. రాత్రికి ఫ్లెక్సీ ఫొటో కూడా వచ్చింది. టీచర్ నవ్వుతున్న ఫొటో, పక్కన పెద్ద బెత్తం బొమ్మ, కింద "బెత్తంతో మా బతుకులు దిద్దిన తల్లి".

ఏ బెత్తం అండీ?

ఆవిడ చేతిలో సుద్దముక్క తప్ప ఇంకేదీ మనం చూడలేదు.

ఆ ఫ్లెక్సీ వేయించింది ఎవరో తెలుసా? మా సురేష్. అందుకే ఈ సంగతి చెప్పి తీరాలి.

మేం ఎనిమిదో క్లాసు. సురేష్ వాళ్ళకి రొయ్యల చెరువు ఉండేది. ఒకరోజు గోనెసంచిలో పీతలు తెచ్చి, సోషల్ సార్ వచ్చే ముందు క్లాసులో వదిలాడు. అందరం కేకలు వేస్తూ తలుపు వైపు పరుగు. ఆ తోపులాటలో నేను గడప మీద పడి మోకాలు చిట్లింది.

సోషల్ సార్ బెత్తం తీశారు. ఎవడు తెచ్చాడో చెప్పేదాకా క్లాసంతా చేతులు చాపి నిలబడాలన్నారు. పక్క గదిలోంచి దీనమ్మ టీచర్ వచ్చి, వీళ్ళని నాకు వదిలెయ్యండి సార్ అన్నారు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ అరవలేదు. ఎవరికి దెబ్బ తగిలిందో చూడమన్నారు, అంతే. సురేష్ నా మోకాలు చూసి తనే లేచి నిలబడ్డాడు.

శిక్ష లేదనుకున్నారా? ఉంది. పీతలన్నీ వాడే పట్టాలి. గది వాడే కడగాలి. సాయంత్రం నన్ను ఇంటిదాకా దిగబెట్టి, ఏం చేశాడో మా అమ్మకి వాడి నోటితో వాడే చెప్పాలి.

మొదటి రెండూ ఒప్పుకున్నాడు. మూడోది వినగానే ఏడుపు మొదలుపెట్టాడు.

"రెండు దెబ్బలు కొట్టెయ్యండి టీచర్. వాళ్ళింటికి మాత్రం వెళ్ళలేను."

"దెబ్బలైతే ఇప్పుడే అయిపోతాయిరా. నిన్నంత చవగ్గా వదల్ను."

వెళ్ళాడు. మా అమ్మ ముందు తల దించుకుని చెప్పాడు. టీచర్ గేటు బయటే నిలబడి విన్నారు. ఆ తర్వాత వాడు అల్లరి మానలేదు గానీ, ఇంకొకరికి దెబ్బ తగిలే పని మళ్ళీ చెయ్యలేదు.

మర్నాడు వాళ్ళ నాన్న స్కూలుకొచ్చి, మన వైపు అందరూ అనే మాటే అన్నాడు. కళ్ళు రెండూ వదిలేసి తోలు ఒలిచెయ్యండి టీచర్ గారూ అని.

"తోలు నాకెందుకండీ? పిల్లాణ్ణి ఇవ్వండి, చాలు" అన్నారావిడ.

దీనికి ఆవిడ పడ్డ మాటలు తక్కువ కాదు. గారాబం చేసి చెడగొడుతోందని తోటి టీచర్లే అన్నారు. ఎక్కడ గోల వినపడినా, దీనమ్మ గారి పిల్లలే అని ఎత్తిపొడిచేవాళ్ళు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. కొట్టడానికి చెయ్యి ఉంటే చాలు. ఆవిడ చేసినదానికి ఓపిక కావాలి, అది కూడా రోజూ కావాలి.

కొట్టిన సార్ల క్లాసుల్లో మనం నేర్చుకున్నది ఒక్కటే, దొరక్కుండా ఉండటం. కాదనేవాళ్ళు కామెంట్లో చెప్పండి.

రాత్రే సురేష్‌కి ఫోన్ చేశాను. నిన్నెప్పుడు కొట్టారు అని అడిగాను.

"కొట్టలేదు. అందరూ అలాగే రాస్తారు కదా, బాగుంటుందని వేయించాను. ప్రింటయిపోయింది, కట్టేశారు కూడా. పోనీలే."

పోనివ్వను.

మనకి మంచి టీచర్ అంటే దెబ్బలే గుర్తొచ్చేంతగా అలవాటు పడిపోయాం. కొట్టనివాళ్ళని కూడా కొట్టినట్టే గుర్తుపెట్టుకుంటున్నాం. ఆ ఫ్లెక్సీ చూసిన కొత్త టీచర్ ఎవరైనా, కొడితేనే ఇంత గౌరవం దక్కుతుందని అనుకోరా? ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ దేనికి ఎదురు నిలబడ్డారో, దాన్నే ఆవిడ పేరు మీద వేలాడదీశాం. ఇది నివాళి కాదు, అన్యాయం.

ఈ సాయంత్రం నాగాయలంకలో భూస్థాపన. నేను వస్తున్నాను. ఆ ఫ్లెక్సీ అప్పటికీ ఉంటే నేనే విప్పి చుట్ట చుట్టి పక్కన పెడతాను. ఎవరికి కోపమొచ్చినా సరే. మైకులో ఎవరైనా ఆవిడ దెబ్బల గురించి మాట్లాడితే, అక్కడే లేచి కాదని చెబుతాను. గ్రూపులో పెట్టినవి మీరే తీసెయ్యండి.

టీచర్, మీ ఆత్మకి నెమ్మది కలగాలి. నిశ్చింతగా నిద్రపోండి.

మీ చేతికి బెత్తం ఇవ్వనివ్వను.