బొమ్మనైనా అడగాలి

దేశం దాటి వచ్చి మేముంటున్న స్కార్‌బరోలో, మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక నర్సింగ్ చదివే పిల్ల అద్దెకుండేది. తోటివాళ్ళంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే, నర్సునే అవుతానని ఇంట్లో పోట్లాడి వచ్చింది. ఎనిమిదో క్లాసులోనే బడికి దండం పెట్టి హోటల్లో బిర్యానీ వండుకుంటున్న నన్ను అన్నయ్యా అనేది.

పాపం, ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. ఇక్కడ పేషెంటుని ముట్టుకునే ముందు చెప్పి, ఒప్పుకుంటారా అని అడగాలి; పేషెంటుగా పడుకోబెట్టిన బొమ్మ చెయ్యి అడక్కుండా పట్టుకుందట. మా గుంటూరులో సూది గుచ్చేవాళ్ళు మనల్నే అడగరు, ఇక బొమ్మనా! మళ్ళీ తప్పితే కోర్సులోంచి పంపించేస్తారు.

అంతే, తన ప్రాక్టీసుకి ఇంట్లో అందరం పేషెంట్లమైపోయాం.

“ఇప్పుడు మీ ప్లేటులో పప్పు వేస్తున్నానండీ. కొంచెం వేడిగా ఉంటుంది. మీకు ఓకేనా?”

“ఓకే. నొప్పి తెలియకుండా నెయ్యి కూడా వెయ్యి తల్లీ.”

“అన్నయ్యా, పేషెంట్లు జోకులెయ్యకూడదు!”

ఒకసారి ఈగను కొట్టబోతూ కూడా అడిగింది. అది ఒప్పుకోలేదు, ఎగిరిపోయింది.

మళ్ళీ పెట్టిన పరీక్ష రోజు హోటల్లో మసాలా వేయిస్తున్నాను. వంటింటి తలుపు దబేలున తెరుచుకుంది.

“పాసయ్యానన్నయ్యా!”

అరుస్తూ వచ్చి, నా రెండు చేతులూ లాక్కుని గిరగిరా తిప్పేసింది. గరిటె ఎటో ఎగిరింది.

“పర్మిషనేదమ్మా?” అన్నాను, కళ్ళు తిరుగుతుంటే.

“బొమ్మవైతే అడిగేదాన్నన్నయ్యా!”