అద్దెగదికి కొన్న ఫ్యాను

1990లో, అమలాపురంలో కొన్న ఫ్యాను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కిటికీ పక్కనున్న పెద్దాయన పన్ను లెక్కలు రాసే గుమాస్తా అట.

"ఇంట్లోకాండీ?"

"సామానుతో సహా అద్దెకిచ్చిన గదికి."

"అయితే ఖరీదంతా ఈ యేడే ఆదాయంలోంచి తీసేసుకోవచ్చండీ. అయిదు వేల లోపు వస్తువుకి ఏటేటా కొంచెం కొంచెంగా తరుగుదల రాయక్కర్లేదు. మీరుండే గదికైతే మాత్రం కుదరదండోయ్. మీ గదిలో ఫ్యానుందాండీ?"

"మాకు గాలి బాగా వస్తుంది," అన్నాను. తాతగారి మేడంతా అద్దెకిచ్చి, కిటికీ లేని ధాన్యపు కొట్టులో ఉంటున్నానని చెప్పలేదు.

"ఆయ్," అన్నారాయన. కాసేపటికి లేచి, తన చోటు చూపించారు.

"ఇటు కూర్చోండి."

వద్దనబోయాను. కానీ కూర్చున్నాను. కొత్తపేట దాకా మొహానికి గాలి కొడుతూనే ఉంది.

ఆ ఏడాది ఆయన చెప్పినట్టే రాసి పన్ను తగ్గించుకున్నాను. కొట్టులో ఒక్కణ్ణే పడుకున్నప్పుడు మాత్రం గుర్తొచ్చేది ఆ కిటికీయే.