పొయ్యి ఆరగూడని చెలక

మా అత్తవారింట్లో ఫ్రిజ్ ఉండేది. శామీర్‌పేటలో మా వాడకట్టుకంతా మొదటి ఫ్రిజ్ అదే. ఎండాకాలం పక్కిళ్ల పిల్లలు గ్లాసులు పట్టుకొని చల్లనీళ్ల కోసం వచ్చేవాళ్లు. ఆ ఇంటికి కోడలినై వచ్చిన నేను మాత్రం పెళ్లయిన యేడాదే ఊరి బయట మా మెట్ట చెలకలో, తాడిపత్రి పట్టా కప్పిన గుడారం కింద, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకొని తిన్నాను. ఎవరితో చెప్పుకుంటే ఏం లాభం? మా ఆయనతో చెప్పుకుంటే "అందరం తింటున్నం గద" అనేవాడు.

తొంభైల చివరి రోజులవి. రోడ్డు పక్క భూములకు ఒక్కసారిగా రెక్కలొచ్చాయి. మా పాలోళ్లు, అంటే మామ అన్నదమ్ముల కొడుకులు, తమ వాటాతో పాటు మా చెలకను కూడా ప్లాట్లు చేసే ఒకాయనకు చూపించారు. ఒకనాడు పొద్దున పోయి చూస్తే మా గట్టు మీద తెల్ల సున్నం పూసిన రాతి హద్దు కడీలు పాతి ఉన్నాయి. మామ వాటిని పీకించి పారేయించాడు. పీకితే మళ్లీ పాతరా? అందుకని కోర్టులో కేసు వేసి, పెద్దమనుషులను అడిగొచ్చి, ఇంట్లో అందరినీ కూచోబెట్టి తీర్పు చెప్పాడు.

"మొగోడు ఒక్కడుంటే కావలి అంటరు. ఆడిమనిషి పొయ్యి పెడితే ఇల్లు అంటరు. ఒక్కనాడు గూడ ఆ పొయ్యి ఆరొద్దు. పొగ లేస్తాంటే ఎవ్వడు దగ్గరికి రాడు."

మా దిక్కు అది పాత నమ్మకమే. వాకిట్లో పొయ్యి ఉంటే ఆ జాగ ఆ ఇంటిది. కానీ ఆ పొయ్యి ముందు ఎవరు కూచోవాలి? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూచుంటే లేవలేదు. మా ఆయనకు మేడ్చల్‌లో ఫ్యాక్టరీ డ్యూటీ. ఇగ మిగిలింది ఎవరు? అందరూ నా దిక్కు చూశారు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే.

పగలంతా అత్తమ్మ మంచం మీద, నేను పొయ్యి దగ్గర. పొద్దుగూకంగానే అత్తమ్మ ఇంటికి పోయేది, మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా చెలకకే వచ్చేవాడు. నేను మాత్రం ఎక్కడికీ పోయేదాన్ని కాదు. స్నానానికి పక్క బావి, చాటుకు నాలుగు గోనెపట్టాలు. తలుపు అనేదే లేదు. నాకప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది తలుపు. లోపలికి పోయి గడియ పెట్టుకొని కాసేపు కాళ్లు చాపుకుందామంటే గడియే లేదు మరి.

వంట సంగతి చెప్తాను. అక్కడ వండడం కంటే వండినదాన్ని కాపాడటమే పెద్ద పని. పాలు మధ్యాహ్నానికి విరిగిపోయేవి, పెరుగు నోట్లో పెట్టుకోలేనంత పులిసేది. మొదటి వారం పారబోసిందే ఎక్కువ. తర్వాత మా అమ్మ చేతి పద్ధతులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పొద్దున వేడన్నం మెత్తగా కలిపి, పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు వేసి మూతపెడితే పగటికల్లా కమ్మగా తోడుకునేది. జొన్నరొట్టెలు పెనం మీద బాగా ఎండనిస్తే మర్నాటికీ కరకరమనేవి, ఉల్లికారం ఉంటే చాలు. పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి రెండు పూటలు నిలిచేది. వాన పడి కట్టెలు తడిస్తే పచ్చిపులుసే దిక్కు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిర్చి నలిపేస్తే అయిపోయింది. తొక్కు జాడీలో తడి గంటె పెడితే మాత్రం మా ఆయననైనా సరే ఊరుకునేదాన్ని కాదు.

ఆదివారాలు చెరువు చూడటానికి పట్నం వాళ్లు కార్లల్లో వచ్చేవాళ్లు. ఒకసారి ఒక కుటుంబం మా గుడారం చూసి ఆగింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆమె చుట్టూ చూసి, "మీరూ పిక్నిక్‌కి వచ్చారా అండీ? ఎంత బాగుందో! పొయ్యి, టెంటు... మా పిల్లలకి ఇలాంటివి చూపించాలి" అంది. వాళ్లు తెచ్చుకున్న ఇడ్లీలు బాగానే ఉన్నాయి గానీ కొబ్బరి చట్నీ అప్పటికే పులిసి నురగ కట్టింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పాపం అనిపించి పుట్నాలపొడి, ఇంత నూనె పెట్టాను. ఆమె సంబరపడిపోయి ఏది ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎలా చెయ్యాలి అని అడగని ప్రశ్న లేదు.

"పచ్చికొబ్బరి బయటికి తేవొద్దక్కా. పొడులు దెచ్చుకో. తడి చెయ్యి పెట్టకు. పులిహోర కలిపేముందు అన్నం సల్లారనియ్యి" అని చెప్పాను.

"మీరు చాలా లక్కీ. రోజూ ఇలా ప్రకృతిలో..." అంది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు మండింది. "అయితే నువ్వుండక్కా ఈడ, నేను నీ కార్ల పోత" అన్నాను. ఆమె పరిహాసమనుకొని పకపకా నవ్వింది. పొద్దుగూకకముందే వాళ్లు చాపలు దులుపుకొని వెళ్లిపోయారు. అత్తమ్మ మంచం మీద నుంచి "గంత మాట అంటరా?" అని గదిమింది. అన్నాను, తప్పేముంది?

నేను రోజులు గడిపింది ఒక్క ఆశతో. బతుకమ్మ పండుగ వస్తోంది. పెళ్లయిన మొదటి యేడు ఆడపిల్ల బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలి. అది మా దగ్గర ఎవరూ కాదనని ముచ్చట. మాది గౌడవెల్లి, ఎంత దూరమని! పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మా వాడ ఆడవాళ్లతో ఆడి, ఆ రాత్రి తలుపు గడియ పెట్టి మా అమ్మ పక్కన పడుకోవాలి. నాకు ఇంకేం వద్దు. పొయ్యి ఊదుతూ, రొట్టె కొడుతూ అదే తలచుకునేదాన్ని.

నాయిన బండి మీద తీసుకుపోవడానికి వచ్చాడు. నేను సంచి సర్దుకొని, చీర మార్చుకొని తయారుగా ఉన్నాను. మామ నాయినకు మంచం వేయించి, మెల్లగా అన్నాడు: "బావా, ఏమనుకోకు. పండుగ నాడే మా పాలోళ్లు వస్తరు. అందరు ఆటల ఉంటరని వాళ్లకు ఎర్కనే. పొయ్యి ఆరిందనుకో, పొద్దుగాల్లకు కడీలు లేస్తయి. వచ్చే యేడు నేనే తోలుకొచ్చి దించిపోత."

నాయిన నా దిక్కు చూశాడు. ఆడపిల్లనిచ్చినవాడు, ఏం మాట్లాడతాడు? నేను పోసిన పచ్చిపులుసుతో రెండు ముద్దలు తిని, "మంచిగున్నది బిడ్డా" అని లేచి వెళ్లిపోయాడు. సంచిలోంచి చీరలు తీసి మళ్లీ తాడు మీద వేశాను. ఒక్కొక్క చీర వేస్తుంటే ఏడుపు ఆగలేదు.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం పొయ్యి దగ్గరే కూచున్నాను. మట్టి రోడ్డు మీద ట్రాలీ ఆటో ఒకటి వచ్చి చెలక దగ్గర ఆగింది. ముందుగా దిగింది తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మ. దాని వెనక మా అమ్మ. ఆ వెనక మా వాడ ఆడవాళ్లందరూ.

"రానియ్యకపోతే ఏమాయె? మేమే వస్తిమి గద!" అంది అమ్మ.

పరుగెత్తాను. అమ్మను పట్టుకొని అక్కడే, అందరి ముందే బోరుమన్నాను. "ఊకో బిడ్డా, పండుగపూట ఏడుస్తరా" అంటూ తనూ కళ్లు తుడుచుకుంది. బతుకమ్మను గుడారం ముందు పెట్టి చుట్టూ తిరిగి ఆడాం. చప్పట్లకు గట్టు మీద కొంగలు లేచిపోయాయి. ఆడినంతసేపు అది చెలకనే సంగతే మరిచిపోయాను. తర్వాత అమ్మ తెచ్చిన గిన్నెల మూతలు తీసింది. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర, రొట్టె బెల్లం నెయ్యి కలిపి నలిపిన మలీద. పొద్దున చేసినవి, ఒక్కటీ చెడలేదు. పండుగ సద్దులంటేనే దారి తిండి కదా, చెడకుండా చేయడం అమ్మకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

చేతిలో మలీద ముద్ద ఉండగానే మామ వచ్చాడు. వెంట ఊళ్లోని ఫొటో స్టూడియో ఆయన. ఎవరో పోయి చెప్పినట్టున్నారు. "అందరు ఇటు సూడుండ్రి. కోడలా, నువ్వు పొయ్యి పక్కకు జరుగు. నవ్వు బిడ్డా" అన్నాడు. గుడారం, పొయ్యి, బతుకమ్మ, ఆడవాళ్లు అన్నీ పడేటట్టు ఫొటోలు తీయించాడు. అయ్యాక మా అమ్మకు చేతులెత్తి మొక్కాడు.

"చెల్లె, వకీలు చెయ్యలేని పని నువ్వు జేసినవు. బతుకమ్మ ఆడిన జాగను ఎవడు కాదంటడు? ఇగ యేటేటా ఈడనే ఆడాలె. నా కోడలు ఈడనే ఉంటది, మీరే రాండ్రి."

అమ్మ చేతిలోని గంటె అట్లాగే ఆగిపోయింది. నన్ను ఊరడించడానికని వచ్చిన మనిషి, తన చేతులతో గడియ వేసినట్టయింది. నా ముఖం చూడలేకపోయింది. పొద్దుగూకుతోందని ఆటో ఆయన తొందరపెట్టాడు. ఎక్కే ముందు పెరుగు సద్ది గిన్నె నా చేతిలో పెట్టి, "రేపటి దాంక పాడుగాదు, తిను" అని మాత్రం అంది.

మామ అన్నంత పనీ చేశాడు. మరుసటి యేడు తాడిపత్రి పోయి రేకుల గది వచ్చింది. తలుపు వచ్చింది, గడియా వచ్చింది. నా బిడ్డ అక్కడే పాకింది, అక్కడే నడిచింది. కేసు తెగలేదు. ప్రతి సద్దులకు అమ్మ ఆటోలో రావడం, ఆడటం, ఫొటో దిగడం, పొద్దుగూకకముందే పోవడం. ఒక్కసారి కూడా ఆమె పక్కన పడుకోలేదు. "ఈ ఒక్కయేడు తోలియ్యి అన్నా" అని అమ్మ అడిగినప్పుడల్లా మామ "వచ్చే యేడు" అనేవాడు. తర్వాత తర్వాత అమ్మ అడగడం మానేసింది.

చివరికి తీర్పు మా దిక్కే వచ్చింది. ఆ ఫొటోలు బాగా పనికొచ్చాయని వకీలు అన్నాడట. బతుకమ్మ దగ్గరపడుతున్న రోజులవి. మామ మిఠాయి డబ్బా పట్టుకొని నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"ఇగ పొయ్యి ఆర్పు బిడ్డా. గదికి తాళమేద్దాం. ఈయేడు సద్దులకు తల్లిగారింటికి పో. నేనే దించిపోత."

ఆ ఎండాకాలంలోనే అమ్మ పోయింది. అంత్యక్రియలకు మామ కూడా వచ్చాడు. ఆమె లేదన్నది మరిచిపోలేదు గానీ, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాను కదా అనుకున్నాడు.

"జాగ గెలిచినవు మామా. నేను ఎవరి పక్కకు పోవాలె?" అన్నాను.

ఆయన డబ్బా గట్టు మీద పెట్టి మంచం మీద కూచున్నాడు. తర్వాత తల వంచుకొని, "ఇంత పచ్చిపులుసు ఉంటే పెట్టు బిడ్డా" అన్నాడు. పెట్టాను. ఆయన తిని వెళ్లాక, నీళ్లు చల్లి ఆర్పవలసిన పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను.