సాంచాల ఆయిల్

కథలాపూర్ మిస్త్రీ ఏ బండి వచ్చినా ముందు గేర్ ఆయిల్‌లో వేలు ముంచి వాసన చూసేవాడు. తెలంగాణ ఉద్యమంలో బస్సులు ఆగిపోయిన రోజు, సిరిసిల్ల నుంచి వస్తున్న నా కారు ఆయన షెడ్డు ముందే గేరు పడక కరకరమంది. కోరుట్ల దవాఖానలో నా బిడ్డకు కాన్పు ఆపరేషన్. "బాపు వస్తేనే లోపలికి పోత" అని మొండికేసి కూర్చుంది.

మిస్త్రీ వేలు వాసన చూసి ముఖం చిట్లించాడు.

"కాకా, గిది సాంచాల ఆయిల్ గదా! కారు మీద చీరలు నేస్తవా?"

"ఆయిల్ అంటే ఆయిలే! మా మరమగ్గాలు నడుస్తలేవా?" అని గయ్యిమన్నాను.

"గిది పల్చగుంటది, గేర్ల పండ్లు అరుగుతయ్. మార్చాలె. కానీ ఇయ్యాల బంద్. నేను పానా ముట్ట."

"ఆడ నా బిడ్డ ఎదురుచూస్తాంది!"

"బంద్ పానాకే, నోటికి గాదు. నువ్వు పట్టు, నేను చెప్త."

తిట్టుకుంటూ కారు కింద దూరి నేనే నట్టు విప్పాను, ఆయన చెప్పిన డబ్బాలోంచి నేనే ఆయిల్ పోశాను. ఆయన కట్టుకున్న చేతులు విప్పలేదు. బిడ్డ దగ్గరికి వేళకే చేరాను.

రాష్ట్రం వచ్చాక మనవరాలిని అదే కారులో ఎక్కించుకుని మిస్త్రీ దగ్గరికి వెళ్లి, "ఇప్పుడన్నా పానా పడతవా?" అని అడిగాను.

వేలు వాసన చూసి నవ్వాడు. "ఆయిల్ మంచిగున్నది. పానాతోని ఏం పని కాకా?"