తాలూకా ఆఫీసుకు చేరని దరఖాస్తులు

ముప్పై ఏళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

స్వరాజ్యం రావడానికి కాస్త ముందు నేను దుర్గి దగ్గర ఒక ఊళ్ళో బోర్డు స్కూలు మేష్టర్ని. జిల్లా బోర్డుకి మా సర్కిలు నుంచి ఎప్పుడూ ఒకే ఇంటివాళ్ళు మెంబర్లు. మొదట తండ్రి పోటీ లేకుండా అయ్యాడు. తర్వాత రెండుసార్లు కొడుకు. అప్పట్లో ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్ళకి ఉండేది, కాదంటే చదవడం రాయడం వచ్చని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి. మా ఊరి దరఖాస్తులు చూసి, సంతకం చేసి, గురజాల తాలూకా ఆఫీసుకి పంపే పని నాది.

ఊరి చివర పల్లెలో మరియమ్మ అని మిషన్ బడి టీచరు ఉండేది. పల్లెకి మంచినీళ్ళ బావి లేదు. మెంబరు తవ్వించలేదు. ఈసారి తవ్విస్తానంటూ ఇంకొకతను పోటీకి దిగుతున్నాడు. మరియమ్మ ఏడాదిపాటు, కలుపు తీసి అలిసి వచ్చిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. పద్నాలుగు మంది తమ చేత్తో దరఖాస్తులు రాసి నాకిచ్చారు.

ఆ వారమే మెంబరు కబురు పెట్టాడు. నా భార్యకి నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డలు దక్కలేదు. ఆస్పత్రి ఉన్న నరసరావుపేటకి బదిలీ చేయిస్తానన్నాడు. ఆ కాగితాలు నా దగ్గరే ఆగిపోతే చాలన్నాడు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే, భయపడి చేశానని నాకు నేను చెప్పుకోవడానికైనా ఉండేది.

ఆ కాగితాల్ని నీళ్ళు కాచుకునే పొయ్యిలో వేశాను. ఒక్కొక్కటీ చదివి మరీ వేశాను. ఎందుకు చదివాను? తప్పులు దొరికితే మనసు కుదుటపడుతుందనా? అక్షరాలు వంకరగా ఉన్నాయి. తప్పులు మాత్రం లేవు.

ఎన్నిక రోజు వాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. జాబితాలో పేర్లు లేవని పంపేశారు. మరియమ్మ నా దగ్గరికొచ్చింది.

"మేష్టారూ, మా ఆడోళ్ళ కాయితాలు పంపిచ్చారా?"

"పంపాను టీచరమ్మా. అక్కడ కొట్టేసుంటారు."

"ఎందుకని? రాత బాగలేదనా?"

"అయ్యుండొచ్చు."

"అయితే నాదే తప్పు. తొందరపడి రాయిచ్చా. ఇంకా చానా దిద్దియ్యాల్సింది."

ఆ తప్పు ఆమె మీదే ఉండనిచ్చాను నేను.

మెంబరే గెలిచాడు. తేడా పద్నాలుగు ఓట్లు కూడా లేదు. నాకు బదిలీ అయింది. ఆస్పత్రిలో కొడుకు పుట్టాడు, బతికాడు. వాడి కోసమే చేశానని చాలా ఏళ్ళు నచ్చజెప్పుకున్నాను. కానీ వాడు పుట్టిన తర్వాతైనా వెళ్ళి ఆమెకి నిజం చెప్పవచ్చు కదా, అప్పుడు నన్ను ఆపిందెవరు?

ఆ ఆడవాళ్ళ చేత మరియమ్మ మరో ఏడాది అక్షరాలు గుండ్రంగా దిద్దించిందని తర్వాత విన్నాను. పల్లెవాళ్ళు ఇంకా ఆరేళ్ళు వాగు నీళ్ళే తాగారట.

ఆమె పోయిందని నిరుడు తెలిసింది. తన చదువులోనే లోపముందని నమ్మి పోయింది. ఇప్పుడు క్షమించమని ఎవరినడగను? మిమ్మల్ని అడగడం లేదు. అది మీరిచ్చేదీ కాదు.

ఆ కాగితాలు కాల్చింది నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతే.