తూంకుంటలో సముద్రం

తొంభైల చివర్లో మాట ఇది. బాపట్ల నుంచి వచ్చి నగర శివార్లలోని యాప్రాల్‌లో కాపురం పెట్టిన కొత్తలో, తూంకుంటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. పొలాలు ప్లాట్లు చేసి అమ్ముకున్న ఒక పెద్దమనిషి ఆ స్కూలు పెట్టి, తానే కరస్పాండెంట్‌గా కూర్చున్నాడు. మేం పాఠం ఎలా చెబుతున్నామో ఆయనకు అక్కర్లేదు, లెసన్ ప్లాన్ పుస్తకానికి అట్ట ఉంటే చాలు.

నేనూ తక్కువదాన్నేం కాదు. బాపట్లలో టీచరైన మా అక్క పాత పుస్తకం తెప్పించుకుని, తేదీలు మార్చి, ఏడాది పాఠాలన్నీ జూన్‌లోనే ఎక్కించేశాను. ప్రతి పాఠం కింద ‘పూర్తయింది’ అని కూడా ముందే రాసి పెట్టాను.

స్కూలు గుర్తింపు కోసం తనిఖీకి వచ్చిన అధికారి ఆ పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగారు.

“‘పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్లి అలలు చూపించాలి. పూర్తయింది.’ ఏ సముద్రం టీచర్?”

అది మా అక్క వాళ్ల బాపట్ల సముద్రం. ఉద్యోగం పోయిందనుకున్నాను. కరస్పాండెంట్ మాత్రం తడుముకోలేదు.

“శామీర్‌పేట చెరువు జూపిచ్చినం సార్. మస్తు పెద్దగుంటది, సముద్రం లెక్కనే. ఇగ చాయ్ సల్లగైతాంది, తాగుండ్రి.”

అధికారి చాయ్ తాగి, ‘చేతిరాత చాలా బాగుంది’ అని రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది కొత్త టీచర్లందరికీ నా పుస్తకమే నమూనా. వాళ్లూ సముద్రంతో సహా దించేశారు.

ఆ కరస్పాండెంట్‌నీ, ఆ అధికారినీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ అక్కడ నాలుగేళ్లు పనిచేసిన నేను, పిల్లల్ని కనీసం ఆ చెరువు దగ్గరికైనా ఒక్కసారి తీసుకెళ్లలేదు.