ఒక్కపొద్దు నాటి కందూరు

కాలు నాది, మొక్కు మా ఆవిడది, తప్పు మళ్ళీ నాది.

నిరుడు మిరప కల్లంలో కాయలు నింపిన టిక్కీల మీద నిలబడి, ఆ బస్తాలు ఎలా పేర్చాలో కూలీలకు బోధిస్తూ జారిపడ్డాను. బోధ ఆగింది, తొడ ఎముక విరిగింది. నరసరావుపేట ఆసుపత్రిలో నన్ను లోపలికి తీసుకుపోతుంటే మా ఆవిడ మా ఊరి దర్గాను తలచుకుని దణ్ణం పెట్టిందట, ఈయన తన కాళ్ళ మీద తను నడిస్తే కందూరు చేస్తానని. నిజానికి నేను పడకముందు కూడా ఆవిడ మీద ఆధారపడ్డవాణ్ణే. స్వామి ఆ సంగతి పట్టించుకోలేదు. ఈ ఏడు నడిచాను.

ఆ దర్గాలో నిద్రిస్తున్న ఫకీరును మా ఊళ్ళో అందరూ స్వామి అనే అంటారు. కొత్త ట్రాక్టరు కొంటే ముందు అక్కడికే తోలుకుపోతారు. తొలికోత మిరపకాయలు గుప్పెడు ఆ గడప దగ్గర పోస్తారు. పెద్ద మొక్కయితే కందూరు. మేకను తీసుకెళితే దర్గాను చూసుకునే ముజావరు తాత కోసి ఇస్తాడు. అక్కడే వండి, ఫాతిహా ప్రార్థన చదివించి, వచ్చినవాళ్ళందరికీ పెట్టాలి. ఒక్కటే కట్టడి: ఆ కూర గేటు దాటకూడదు. మిగిలిందని ఇంటికి తెస్తే మొక్కు తీరనట్టే.

తేదీ పెట్టే పని మా ఆవిడ నాకు అప్పజెప్పింది. గోడ క్యాలెండరు ముందు నిలబడి తిథి చూశాను, వర్జ్యం చూశాను. శుక్రవారం, అంతా బాగుంది. తినేవాళ్ళ సంగతి ఒక్కటే చూడలేదు.

ఆ శుక్రవారం దర్గా దగ్గర మేకను కోసి ఇచ్చాక తాత చేతులు కడుక్కుంటుంటే, టీ తాగమని గ్లాసు అందించాను.

"రంజాను గదయ్యా. ఒక్కపొద్దు," అన్నాడు.

మా ఆవిడ గరిటె ఆగిపోయింది. "అంటే ఊళ్ళో సాయిబులంతా..."

"అందరూ ఒక్కపొద్దే తల్లీ."

"మరి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదేంది తాతా?"

"మొక్కు తీర్చుకుంటానంటే వద్దనేదానికి నేనెవర్ని?"

మా చుట్టాలా, మిరప కోతల్లో మునిగి నలుగురైదుగురే వచ్చారు. ఇక ఆశంతా రెంటచింతల వాళ్ళ మీద. ఆసుపత్రిలో నా పక్క మంచం ఆయన, ఆయన భార్య. అక్కడ మొదలైన పరిచయం అన్నయ్యా, వదినా అని పిలుచుకునేదాకా వచ్చింది. ఆయన ఇంకా బస్సెక్కలేడు గానీ, మధ్యాహ్నం బస్సు దిగి, చర్చి నుంచి తెచ్చిన పదిమందితో ఆ వదిన చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. మా ఆవిడ ముఖం వెలిగింది.

"వదినా, ముందు నీకే వడ్డిస్తా."

"అయ్యో, ఈస్టరు ముందు తపస్సు కాలం గదా! శుక్రవారం నీసు ముట్టం వదినా. పప్పుందా?"

పప్పుంది. మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏందయ్యా, వర్జ్యం చూశా అన్నావే. ఊరందరికీ కూడు వర్జ్యమైన రోజే దొరికిందా నీకు?"

నేను కాలు నొప్పి పుట్టినట్టు ముఖం పెట్టాను. అప్పటిదాకా ఎప్పుడూ పనిచేసిన ఆ ఉపాయం ఆరోజు పనిచెయ్యలేదు. ఆవిడ వేళాకోళం ఆపి గిన్నె వైపు చూస్తూ నెమ్మదిగా అంది, "ఇది మిగిలితే ఎట్టా? మళ్ళీ నీ కాలికేమన్నా అయితే?" అప్పుడు నిజంగానే నా చెయ్యి కాలి మీదికి పోయింది.

ముజావరు తాత వేపచెట్టు కింద నుంచి కేకేశాడు. "పొద్దుగూకేదాకా ఆగండి తల్లీ. ఒక్కపొద్దు విడిచేవాళ్ళంతా ఇక్కడికే వస్తారు. మీ కూర ఎక్కడికీ పోదు, దానికి అసలే గేటు దాటే అనుమతి లేదు."

ఆగాం. వచ్చినవాళ్ళు తినకుండా మొక్కుకున్నవాళ్ళం తినకూడదని మా ఆవిడ తేల్చింది. అలా నాకూ ఒక్కపొద్దు తగులుకుంది. పల్నాటి ఎండలో కూర చెడిపోకుండా గంటగంటకీ పొయ్యి రాజేశారు. తను తినని కూరను ఆ రెంటచింతల వదిన అడుగంటకుండా కలుపుతూ కూర్చుంది. బస్సెక్కి వెళ్ళిపొమ్మంటే వినలేదు. "మీ ఆయన పక్కమంచంలో వాగబట్టే మా ఆయన నొప్పి మర్చిపోయాడు. ఆ మాత్రం కలపలేనా?" అంది. నా వాగుడుకి జీవితంలో దొరికిన ఏకైక ప్రశంస అది.

పొద్దు వాలింది. మెకానిక్కులు నల్లటి చేతులు కడుక్కుంటూ, బజారు కొట్లవాళ్ళు షట్టర్లు దించి, కూలికి పోయినవాళ్ళు అట్నుంచటే వచ్చి వరుసగా కూర్చున్నారు. ఖర్జూరం నోట్లో వేసుకున్నారు, నమాజుకు లేచారు, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. రెంటచింతల వదిన బకెట్టు పట్టుకుని వరుస వెంట వడ్డించింది. మొదటి ముద్ద తిన్న మెకానిక్కు, "ఉప్పు తగ్గింది పిన్నీ," అన్నాడు.

"ఫాతిహా కాకముందు రుచి చూడకూడదంటిరి, అయినాక చూసే నోరు లేకపోయె!" అంది మా ఆవిడ. వరుసంతా నవ్వింది. ఉప్పు గిన్నె చేతులు మారింది.

తాత నల్లి ఎముక ఒకటి వెతికి నా ఆకులో వేశాడు. "అతికిన ఎముకకి ఇది." అంత రుచైన కూర నేను ఇంకెప్పుడూ తినలేదు, ఉప్పు తగ్గినా సరే.

గిన్నె అడుగు కనిపించింది. మా ఆవిడ దాన్ని కడిగి, బోర్లించి స్వామి గడప వైపు చూపించి దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, స్వామికీ, వరుసలో కూర్చున్నవాళ్ళకీ, ఆకలితో వచ్చినందుకు. ఖాళీ గిన్నె నేనే నెత్తిన పెట్టుకుని గేటు వైపు నడిచాను.

"చూసి నడువు. ఈసారి పడితే తేదీ మాత్రం నేనే పెడతా," అంది వెనక నుంచి.